ఒళ్ళు చేయడం కూడా జబ్బే

చాలా కాలానికి కనిపించిన బంధువులు మొదట అనే మాట రెండింటిలో ఏదో ఒకటి. "ఏమిటమ్మా, ఇలా చిక్కిపోయావు?" అని ఆదుర్దాగానైనా అంటారు, "కాస్త ఒళ్ళు చేశావు, ఇప్పుడు నిండుగా ఉన్నావు" అని సంతోషంగానైనా అంటారు. కరువులు చూచిన తరాలవారికి ఒళ్ళు చేయడం కలిమికి గుర్తు. అదే ఒళ్ళు మరికాస్త పెరిగిందంటే మాత్రం పెళ్ళిపందిట్లోను, సినిమా హాస్యంలోను నవ్వులపాలు కాక తప్పదు. ఈ పొగడ్తకూ ఆ ఎగతాళికీ మధ్య అసలు సంగతి మరుగున పడిపోతున్నది. స్థూలకాయం వైద్యుడు చూడవలసిన విషయం. దానిని అందచందాల విషయంగా చూచినందువల్ల ఎంత నష్టం కలుగుతుందో మన బెంగుళూరు నగరానికి తెలియనిది కాదు.

2022 మే 16వ తేదీన చేతనా రాజ్ అనే కన్నడ టెలివిజను నటి, 21 ఏళ్ళ పిల్ల, ఈ నగరంలోనే కన్నుమూసింది. కొవ్వు తీయించుకొనడానికి ఆస్పత్రిలో చేరిందనీ, ఆ సంగతి తలిదండ్రులకు ముందుగా తెలియదనీ పత్రికలు వ్రాసినవి. అంతకు ఏడేళ్ళ క్రితం, 2015 జూన్‌లో, మన తెలుగు సినిమా నటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో 31 ఏళ్ళకే మరణించింది. కొద్ది వారాల ముందు ఆమె కూడా అటువంటి ఆపరేషనే చేయించుకున్నదని ఆమె మేనేజరు చెప్పారు. తప్పు ఎవరిదని తేల్చడం మన పని కాదు. అయితే ఇటువంటి వార్త వచ్చినప్పుడల్లా "లావు తగ్గే ఆపరేషన్లన్నీ ఇంతే" అనేవారు బయలుదేరుతారు. లావు పేరు చెప్పి చేసే ఆపరేషన్లన్నీ ఒకటి కావు. ఏది దేనికో ఇంటిల్లిపాదికీ తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మేము వైద్యులం కాము. గుమాస్తా ఉద్యోగం చేసుకునేవాళ్ళం. వైద్యులు వ్రాసినవి చదివి, మాకు అలవాటైన లెక్కలు వేసి, తోటివారి ముందు పెడుతున్నాము.

లావు అని ఎలా చెప్పడం?

కంటి చూపు మీద లావు సన్నం తేల్చడానికి వీలులేదు. ఎత్తును మీటర్లలో తీసుకొని, దానిని దానితోనే హెచ్చవేసి, వచ్చిన అంకెతో కిలోల బరువును భాగించాలి. బెల్జియం దేశపు గణితవేత్త క్వెట్లే 1832లో చెప్పిన లెక్క ఇది. ఇప్పుడు దీనిని బి.ఎమ్.ఐ. అంటున్నారు. ఒక మనిషి ఎత్తు 165 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల అయిదంగుళాలు, బరువు 75 కిలోలు అనుకుందాము. 1.65ను 1.65తో హెచ్చవేస్తే 2.72, దానితో 75ను భాగిస్తే ఇంచుమించు 27.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 మొదలు అధిక బరువు, 30 మొదలు స్థూలకాయం. మన దేశపు వైద్యనిపుణులు 2009లో ఈ హద్దులను 23కు, 25కు దించారు. ఆ ప్రకారం పై మనిషి స్థూలకాయుల జాబితాలోనే ఉన్నాడు. 68 కిలోలకు దిగితే గాని అందులోంచి బయటపడడు.

మనవారికి మాత్రం ఈ కఠినమైన కొలత ఎందుకని అడగవచ్చు. పూనాలోని కె.ఇ.ఎం. ఆస్పత్రి వైద్యులు యాజ్ఞిక్, లండను వైద్యులు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి కొలతలే ప్రకటించారు. ఇద్దరి బి.ఎమ్.ఐ. సరిగ్గా 22.3. కాని యుడ్కిన్‌గారి శరీరంలో కొవ్వు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌గారి శరీరంలో 21.2 పాళ్ళు. సన్నగా కనిపించే భారతీయుని లోపల కూడా కొవ్వు దాగి ఉండవచ్చునన్నమాట. అది ముఖ్యంగా పొట్టలో, అవయవాల చుట్టూ చేరుతుంది. కాబట్టి నడుము కూడా కొలవాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటరాదు. దర్జీ టేపుతో అయితే 35½ అంగుళాలు, 31½ అంగుళాలు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బి.ఎమ్.ఐ. 25 గాని అంతకు మించి గాని ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద నూటికి 24 మంది. కర్ణాటకలో 30 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 36 మంది. ఉన్న ఊరూ, కన్న ఊరూ రెండూ ముందు వరుసలోనే ఉన్నవి!

తిండిపోతుతనమేనా?

లావుగా ఉన్నవారిని చూచి "నోరు కట్టుకోలేరు" అని తేల్చడం సులభం. ఖర్చుకు మించి తింటే కొవ్వుగా మిగులుతుందన్నది నిజమే. పొద్దున ఖారాబాత్, కేసరీబాత్, మధ్యాహ్నం ఆంధ్రా మెస్సులో నేయీ పప్పూ, రోజంతా కుర్చీ, సాయంత్రం ట్రాఫిక్కులో గంటన్నర కూర్చోవడం. ఈ జీవితంలో లావెక్కకపోతేనే వింత. కాని అంతటితో కథ అయిపోలేదు. వంశం, నిద్రలేమి, థైరాయిడ్ లోపం, కొన్ని మందులు కూడా కారణమవుతవి. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును విడుదల చేసి మెదడుతో మాట్లాడుతూ ఉంటవని 1994లో తెలిసింది. బరువు తగ్గగానే శరీరం దానిని కరువని భావించి ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. పట్టుదలగా 10 కిలోలు తగ్గినవారు మళ్ళీ పెరగడానికి కారణం ఇదే. వారిని వెక్కిరించడం అన్యాయం.

లావు వెంట వచ్చే జబ్బులు అనేకం. మధుమేహం, రక్తపుపోటు, గుండెజబ్బు, కాలేయంలో కొవ్వు, పిత్తాశయంలో రాళ్ళు, మోకీళ్ళ అరుగుదల, స్త్రీలలో నెలసరి తప్పడం, సంతానం ఆలస్యం కావడం. కనీసం 13 రకాల క్యాన్సర్లకు దీనితో సంబంధమున్నదని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. గురకను గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. గట్టిగా గురకపెడుతూ మధ్య మధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడేవారినీ, పగలు ఆఫీసు బల్లమీద తూగేవారినీ సోమరులని నవ్వకుండా వైద్యునికి చూపించాలి.

మొదటి మెట్టు వంటింట్లో

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార నియమాలు ప్రకటించింది. రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు అన్నది. నలుగురున్న ఇంటికి నెల లెక్క వేసి చూడండి. బియ్యం, గోధుమపిండి, రాగి, రవ్వ అన్నీ కలిపి 30 కిలోలు. నూనె నెయ్యి అన్నీ కలిపి మూడుంపావు కిలోలు. మీ కిరాణా చీటీతో ఈ అంకెలు పోల్చుకుంటే ఎవరూ చెప్పనక్కరలేదు. రాగిసంగటి మంచిదే గదా అని రెండు ముద్దలు వేసుకుంటే లెక్క లెక్కే!

దీనికి తోడు వారానికి 150 నిమిషాలు చురుకైన నడక. లాల్‌బాగ్ దూరమైతే మన వీధి చాలు. బరువులో నూటికి అయిదు పదివంతులు తగ్గినా చక్కెర, రక్తపుపోటు దిగివస్తవి. చెన్నైలో మధుమేహం అంచున ఉన్నవారిమీద జరిపిన పరిశోధన ఫలితం 2006లో వెలువడింది. కేవలం తిండి, నడక సవరించుకున్నందువల్లనే జబ్బు వచ్చే అవకాశం నూటికి 28 పాళ్ళు తగ్గింది.

మందులూ, ఆపరేషన్లూ

ఇంతచేసినా ఫలితం లేనివారికి మందులున్నవి. టిర్జెపటైడ్ 2025 మార్చిలోను, స్థూలకాయానికై తయారైన సెమాగ్లూటైడ్ అదే ఏడు జూన్‌లోను మన దేశపు బజారులోకి వచ్చినవి. వారానికొకసారి వేసుకునే ఇంజెక్షన్లు ఇవి. ఆకలి మందగిస్తుంది. వికారం, వాంతులు కలగవచ్చు. మానివేస్తే చాలమందికి బరువు తిరిగి వస్తుంది. వైద్యుని చీటీ లేకుండా స్నేహితుల మాటమీద కొనరాదు.

ఆ తరువాతిది ఆపరేషన్. దీనిని బేరియాట్రిక్ శస్త్రచికిత్స అంటారు. అమెరికాలో డాక్టరు మేసన్ 1966లో మొదలుపెట్టిన బైపాస్ పద్ధతిలో జీర్ణకోశం పైభాగాన్ని చిన్న సంచిగా చేసి, దానిని నేరుగా చిన్నప్రేగు కింది భాగానికి కలుపుతారు. స్లీవ్ పద్ధతిలో జీర్ణకోశంలో సుమారు ముప్పాతిక భాగం తీసివేస్తారు. ఆకలి పుట్టించే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం దానితో పోతుంది. ఒకటి రెండేళ్ళలో మొత్తం బరువులో నాలుగోవంతు, ఆపైన కూడా తగ్గుతుంది. చాలమందికి మధుమేహం అదుపులోకి వస్తుంది. స్వీడన్‌లో 1987 నుంచి సాగిన పరిశోధనలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో మరణాలు తక్కువని 2007లో తేలింది. కుట్లు లీకు కావడం, రక్తంలో గడ్డలు కట్టడం వంటి ప్రమాదాలు లేకపోలేదు. జన్మాంతం విటమిన్లు, ఇనుము, కాల్షియం తీసుకోవాలి. ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం ధరించరాదు.

కొవ్వు పీల్చే లైపోసక్షన్ సంగతి వేరు. అది చర్మం కింది కొవ్వును తీసి ఆకారం దిద్దుతుంది. పొట్టలోపలి కొవ్వును తాకదు. అమెరికాలో స్థూలకాయులైన 15 మంది స్త్రీలకు సుమారు 10 కిలోల కొవ్వు ఇలా తీసి చూచారు. చక్కెరలో గాని, రక్తపుపోటులో గాని మార్పు రాలేదని 2004లో ప్రకటించారు. అంటే ఆపరేషనుకుండే ప్రమాదం మాత్రం ఉన్నది, జబ్బు మాత్రం తగ్గదు. ఈ భేదం తెలియక ఎవరి బిడ్డా ఆపరేషన్ బల్ల ఎక్కకూడదు.

ఖర్చు సంగతీ చెప్పుకోవాలి. మన దేశంలో వైద్యులు చాలాకాలం బి.ఎమ్.ఐ. 37.5 దాటినవారికి, జబ్బులుంటే 32.5 దాటినవారికి బేరియాట్రిక్ ఆపరేషన్ చెప్పేవారు. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియావారికి 27.5 నుంచే ఆలోచించవచ్చునన్నవి. ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన నిబంధన వేరు: వయస్సు 18 నిండాలి, బి.ఎమ్.ఐ. 40 ఉండాలి, లేదా గుండెజబ్బు, తీవ్రమైన గురక జబ్బు, అదుపులేని మధుమేహం వంటివాటితో 35 ఉండాలి, మిగతా పద్ధతులు విఫలమై ఉండాలి. డాక్టరు అంకెకూ, కంపెనీ అంకెకూ మధ్య ఉన్నవారు సొమ్ము తామే పెట్టుకోవాలి. ఆస్పత్రిలో చేరకముందే పాలసీ కాగితం సాంతం చదువుకోవడం మంచిది.

చివరకు మా మనవి ఒక్కటే. లావుగా ఉన్న పిల్లను "నిన్నెవరు చేసుకుంటారే" అని ఇంట్లోనే దెప్పితే, ఆ పిల్ల తల్లికి చెప్పకుండా ఎక్కడికో వెళ్ళి ఏదో చేయించుకుంటుంది. "అమ్మా, రా, ఇద్దరం డాక్టరును చూచి వద్దాం" అంటే చెప్పి చేయించుకుంటుంది. జ్వరం వచ్చినవారిని మనం సిగ్గుపరచడం లేదు గదా!