కుళాయి బాగుంటే కడుపు బాగుంటుంది

తొలకరి వానలు పడి పది రోజులు గడిచాయంటే మా పిల్లల వార్డులో మంచాలు చాలవు. వాంతులు, విరేచనాలతో కళ్ళు లోతుకు పోయిన పసిబిడ్డలను భుజాన వేసుకుని తల్లులు పరుగున వస్తారు. సెలైన్ ఎక్కించి, ఓ.ఆర్.ఎస్. తాగిస్తూ, బిడ్డ మూత్రం పోసేవరకు మేము పక్కనే కాచుకుని ఉంటాము. చాలామంది మూడో రోజుకల్లా తేరుకుని ఇంటికి వెళ్తారు.

అయితే ఒక ఏడాది జరిగిన సంగతి మమ్మల్ని ఆలోచనలో పడేసింది. వారం తిరగకుండానే ఒకే వీధి నుండి ముగ్గురు పిల్లలు వచ్చారు. వారిలో ఒకరు మేము నయం చేసి పంపిన బిడ్డే! మందు పని చేసింది కదా, మరి జబ్బు ఎందుకు తిరిగి వచ్చింది? ఇది తేల్చుకోవడానికి మా సిస్టర్ ఒకరు ఆ వీధికి వెళ్ళారు. ముగ్గురి ఇళ్ళకూ నీళ్ళు ఒకే పైపు నుండి వస్తున్నాయి. ఆ పైపు సైడు కాలువలో గుండా పోతోంది. నీళ్ళు సన్నగా వస్తున్నాయని కుళాయిని నేలమట్టం కంటే కిందికి, గోతిలోకి దించారు. ఆ గోతిలో వాన నీరు, బురద నిలిచి ఉన్నాయి. మునిసిపల్ ఆఫీసుకు కబురు చేస్తే ఫిట్టర్లు వచ్చి తవ్వారు. కాలువ అడుగున పైపు జాయింటు తుప్పు పట్టి చిల్లు పడి ఉంది. పైపు మార్చి, కాలువకు దూరంగా వేశారు. ఆ వానాకాలంలో మళ్ళీ ఆ వీధి నుండి విరేచనాలతో ఏ బిడ్డా మా దగ్గరకు రాలేదు. ఆ వీధికి అసలైన వైద్యం చేసింది ఆ ఫిట్టర్లే.

నీరు మన ఇంటికి ఎలా వస్తుంది?

మన రాష్ట్రంలో పట్టణాల నీటి పథకాలు, మురుగునీటి పథకాలు చూసే ఇంజనీర్ల శాఖ పేరు ఏమిటో తెలుసా? ప్రజారోగ్య, పురపాలక ఇంజనీరింగ్ శాఖ. పైపులు, ట్యాంకులు, కాలువలు చూసే శాఖ పేరులో ప్రజారోగ్యమే ముందు ఉంది. అది ఊరికే పెట్టిన పేరు కాదు.

నది నుండో కాలువ నుండో తెచ్చిన నీటిని చాలా పట్టణాల్లో ముందుగా నిల్వ చెరువులో నింపుతారు. అక్కడి నుండి ఫిల్టర్ హౌసుకు వచ్చిన నీటిలో పటిక కలుపుతారు. నీటిలోని మట్టి ముద్దలు కట్టి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీటిని ఇసుక పడకల గుండా వడగడతారు. ఇసుకలో మురికి పేరుకున్నప్పుడు కింది నుండి నీటిని ఎదురు తోసి కడుగుతారు. ఈ పని వాయిదా వేస్తే నీరు సరిగా వడగట్టదు. చివరగా క్లోరిన్ కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకులకు ఎక్కిస్తారు. అక్కడి నుండి లైన్‌మన్ వేళ ప్రకారం వాల్వులు తిప్పి ఒక్కో పేటకు నీరు వదులుతాడు.

క్లోరిన్ వాసన వస్తోందని కొందరు మునిసిపల్ నీళ్ళు పారబోస్తుంటారు. నిజానికి ఆ వాసన మనకు కాపలా. ట్యాంకు దగ్గర క్రిములు చస్తే సరిపోదు, దారిలో కలిసే క్రిములను చంపడానికి కూడా కొంత క్లోరిన్ మిగిలి ఉండాలి. చిట్టచివరి ఇంటి కుళాయిలో సైతం లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా క్లోరిన్ ఉండాలని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. సిబ్బంది చిన్న గాజు గొట్టంలో నీరు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసేది ఇందుకే. మీ వీధికి వచ్చినప్పుడు ఆ పరీక్ష మీరూ చూడవచ్చు.

నీళ్ళు రాని వేళే ప్రమాదం

పైపులో నీరు నిండుగా, ఒత్తిడితో పారుతున్నంతసేపు చిల్లు ఉన్నా నీరు బయటికే చిమ్ముతుంది. సరఫరా ఆగగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న మురుగు అదే చిల్లు గుండా లోపలికి చేరుతుంది. మర్నాడు నీళ్ళు వదలగానే మొదటి బిందెలోకి వచ్చేది ఆ మురుగే. రోజుకు గంట, రెండు గంటలు మాత్రమే నీళ్ళు వచ్చే మన పట్టణాలకు ఈ ముప్పు ఎక్కువ.

కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఈ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మోటారు లాగే పీల్పుకు పైపులో ఒత్తిడి పడిపోయి మురుగు లోపలికి వస్తుంది. చివరి ఇళ్ళకు నీరే అందదు. ఈ మాట చెప్పే ముందు మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఇతరులకు బోధించే రోజుల్లోనే మా క్వార్టర్లలో ఒక ఇంట్లో ఇలాంటి మోటారు ఉందని తెలిసింది. సిగ్గుపడి తీసివేయించి, నేలలో సంపు కట్టించుకున్నాము. నీరు దానంతట సంపులోకి పడ్డాక, సంపు నుండి మోటారుతో పైకి ఎక్కించుకుంటే ఎవరికీ హాని లేదు.

ఇవి చిన్న విషయాలు కావు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోను, 2018 మార్చిలో పాత గుంటూరులోను తాగునీటిలో మురుగు కలిసి వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు ప్రాణాలే కోల్పోయారు.

మంచి మార్గం లేకపోలేదు. ఒడిశాలోని పూరీ పట్టణంలో 2021 జూలై నుండి 24 గంటలూ కుళాయి నీరు నేరుగా తాగేందుకు వీలుగా సరఫరా చేస్తున్నారు. పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే మురుగుకు చోటు ఉండదు.

కాలువలు, వాటిని శుభ్రం చేసే చేతులు

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచి వేలమందిని బలి తీసుకుంది. అప్పుడు నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఆపే జలాశయాలతో పాటు నగరానికి భూగర్భ మురుగు కాలువలు కూడా ఉండాలని సూచించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద నుండి కాపాడే చెరువులే నగరానికి తాగునీరూ ఇచ్చాయి. మంచినీరు, వాననీరు, మురుగునీరు – ఈ మూడింటినీ కలిపి ఆలోచించాలని ఆయన వందేళ్ళ క్రితమే చూపించారు.

వానలకు ముందే కాలువల్లో పూడిక తీయాలి. కానీ తీసిన వారానికే మనం పారేసిన ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బొండాలు మళ్ళీ కాలువను మూసేస్తున్నాయి. మేన్‌హోల్ నిండితే ఎవరో ఒకరిని పిలిచి లోపలికి దిగమనడం కొన్నిచోట్ల ఇంకా జరుగుతోంది. లోపల విషవాయువు ఉంటుంది. ఒకటి రెండు శ్వాసలకే మనిషి స్పృహ తప్పిపోవచ్చు. కాపాడబోయి దిగినవారూ పోతారు. రక్షణ సామగ్రి లేకుండా ఎవరినీ అలా దించరాదని 2013 నాటి చట్టం చెబుతోంది. మన సొంత ఇంటి సెప్టిక్ ట్యాంకుకూ అది వర్తిస్తుంది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షల రూపాయలుగా నిర్ణయించింది. డబ్బు ఇంటికి వస్తుంది గాని, ఆ బిడ్డల తండ్రి రాడు కదా! యంత్రంతోనే శుభ్రం చేయించండి. మన వీధి ఊడ్చే అమ్మను, కాలువ తీసే అన్నను పేరు పెట్టి పలకరించండి.

మనం చేయవలసినవి

1. కుళాయిని గోతిలో పెట్టవద్దు. నేలకు రెండు అడుగుల ఎత్తున గట్టు మీద ఉంచి మూత బిగించండి.

2. నీళ్ళు వచ్చిన మొదటి కొన్ని నిమిషాలు తాగడానికి పట్టవద్దు. ఆ నీటిని మొక్కలకో, కడుగుడుకో వాడండి.

3. నీటికి రంగు, వాసన ఉంటే మునిసిపల్ ఆఫీసులో ఫిర్యాదు చేసి, నంబరు రాసుకోండి. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి వెళ్తే పని త్వరగా జరుగుతుంది.

4. అనుమానం ఉన్నన్నాళ్ళు నీటిని తెర్లేలా కాచి, చల్లార్చి తాగండి. కాచిన బిందెలో చేతులు ముంచవద్దు, కాడ ఉన్న గరిటె వాడండి.

5. ఇంటి ట్యాంకు తరచుగా కడిగించండి. వెయ్యి లీటర్ల నీటికి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. కలిపిన గంట తరువాత వాడుకోవచ్చు.

6. విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. పట్టించండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, అదీ తలకొట్టి కొలవాలి. తల్లిపాలు మాన్పవద్దు. జింకు మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయండి. బిడ్డ మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక తీసుకురండి.

రాత్రి ఎప్పుడు వచ్చినా మా తలుపు తెరిచే ఉంటుంది. కానీ మీ బిడ్డ ఆ దారిన రాకుండా ఉండడమే మాకు ఎక్కువ సంతోషం. రేపు ఉదయం నీళ్ళు పట్టేటప్పుడు ఒక్కసారి వంగి, మీ పైపు ఏ దారిన వస్తోందో చూడండి.