‘అమ్మ రేపొస్తుంది’ అని చెబుతున్నారా?

‘టీచరమ్మా, మాయమ్మ యాడుంది?’

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది పిల్లలు అడిగారో లెక్కలేదు. ముందు ఆదోనిలో, తర్వాత ఎమ్మిగనూరులో, మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది. ఏడుస్తూ అడిగేవాళ్లు, చీర కుచ్చిళ్లు పట్టి లాగుతూ అడిగేవాళ్లు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకునే అడిగేవాళ్లు. చాలా ఏళ్లు నేనిచ్చిన జవాబు ఒక్కటే. ‘రేపొస్తుంది నాన్నా. నువ్వు ఏడవకూడదు మరి.’

మీరూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. అందులో తప్పేముంది, పిల్లాడు ఊరుకున్నాడు కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది.

మా వైపు సంగతి కొంచెం చెప్పాలి. ఆదోని అంటే పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, ఒకప్పుడు రెండో బొంబాయి అనిపించుకున్న ఊరు. కానీ చుట్టూ పల్లెల్లో ఎక్కువగా వానాధారం సేద్యమే. పత్తి తీత అయిపోయాక చేతినిండా పని దొరకదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుంచి ఆలుమగలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరపకోతలకో, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకో పోతారు. దీన్నే మావాళ్లు ‘సుగ్గికి పోవడం’ అంటారు. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు. కొందరు అవ్వల దగ్గర వదిలి పోతారు. వదిలేసినవాళ్ల పిల్లలు పగలు మా దగ్గరికి వస్తారు.

అలా వచ్చినవాడే ఒక బాబు. పేరు చెప్పను. మూడున్నరేళ్లుంటాయేమో. అమ్మానాన్నా తెల్లారుజామున లారీ ఎక్కారట, వాడు నిద్రలో ఉండగానే. మొదటి వారం గొంతు పోయేలా ఏడ్చాడు. నేను ‘రేపొస్తుంది’ అన్నాను. ఆయా అదే అంది. వాళ్ల అవ్వా అదే అంది. రెండో వారం ఏడుపు తగ్గింది. మూడో వారానికి అసలు మాటే లేదు. పెట్టింది తిని, కూర్చోమన్న చోట కూర్చునేవాడు. ‘సర్దుకున్నాడు, బంగారు కొండ’ అని నేనే నలుగురికీ చెప్పాను.

ఒకరోజు ఆడపిల్లలు బొమ్మలకు స్నానాలు పోసి ఆడుకుంటున్నారు. వీడు మూలన కూర్చుని చూస్తున్నాడు. ఒక పాప బొమ్మను ఊపుతూ ‘ఊరుకో, మీయమ్మ రేపొస్తాది’ అంది, అచ్చం నా గొంతుతో. వీడు నెల తర్వాత నోరు విప్పాడు.

‘రేపంటే రాదు’ అన్నాడు.

అంతే. మళ్లీ మూలకి తిరిగాడు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. ‘రేపు’ అనే మాటకు వాడు అర్థం నేర్చుకున్నాడు. నేర్పింది నేను!

నోరెత్తకపోతే సర్దుకున్నట్టేనా?

ఇది నా ఒక్కదాని పొరపాటు కాదని తర్వాత తెలిసింది. 1952లో ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన రెండేళ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండటాన్ని సినిమా తీశాడు. అప్పట్లో అక్కడ తల్లిని పిల్ల దగ్గర ఉండనిచ్చేవాళ్లు కాదు. పిల్లలు ముందు ఏడ్చి గొడవ చేస్తారని, తర్వాత దిగులుపడి ముడుచుకుపోతారని, ఇంకా ఆలస్యమైతే తల్లి వచ్చినా ముఖం తిప్పుకుంటారని రాబర్ట్‌సన్, ఆయనతో పనిచేసిన జాన్ బౌల్బీ చెప్పారు. ఆ ముడుచుకుపోవడాన్నే నర్సులు ‘బుద్ధిగా ఉంది’ అనుకునేవారట. సినిమా చూసి డాక్టర్లు ముందు కోప్పడ్డారు. చివరికి 1959లో అక్కడి ప్రభుత్వ సంఘమే తల్లిదండ్రుల్ని పిల్లల దగ్గరికి రానివ్వాలని సిఫారసు చేసింది.

ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి ఆదోని! కానీ ఆ పాప సంగతి చదువుతుంటే నాకు మా మూల కనిపించింది.

మర్నాడు నేను వాడి ముందు నేలమీద చతికిలబడ్డాను. (నిలబడి మాట్లాడితే పిల్లలకు మన మోకాళ్లే కనిపిస్తాయి. ఇప్పుడు నాకు మోకాళ్ల నొప్పులు కాబట్టి చిన్న పీట వేసుకుంటాను, అది వేరే సంగతి.) ‘మీయమ్మ మిరపకాయలు కోసేకి దూరం పోయింది. ఇయాల రాదు. రేపూ రాదు. ఉగాది పండగ అయినాక వస్తాది. నీకు అమ్మ కావాలని ఉంది కదూ?’ అన్నాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. ఆ తర్వాత ఏడ్చాడు చూడండి, నెలరోజుల ఏడుపూ ఒక్కసారే. ‘ఎందుకమ్మా, ఊరికే ఉన్నోణ్ని ఏడిపిచ్చినావు?’ అని ఆయా నన్ను కసిరింది. వాళ్ల అవ్వ సాయంత్రం వచ్చి ఇంకో రెండు అంది. ‘నిజం చెప్తే పొద్దుగూకులూ ఏడుస్తాడు టీచరమ్మా, నేను ముసలిదాన్ని, యాడ పడేది?’ ఆమె బాధా నిజమే. కాదనలేకపోయాను.

కానీ మూడు రోజుల్లో వాడు నా వెంట తిరగడం మొదలుపెట్టాడు. మాటలొచ్చాయి.

మూడేళ్ల పిల్లలకు రెండు నెలలంటే ఏం తెలుస్తుంది? అందుకని ఒక గాజు సీసా పెట్టాం. రోజూ పొద్దున రాగానే వాడు అందులో ఒక పత్తి గింజ వెయ్యాలి. ఎమ్మిగనూరు జాతర, శివరాత్రి, ఆ తర్వాత ఉగాది అని వరస చెప్పేదాన్ని. పండగ వస్తే రంగు గింజ. వాళ్లమ్మ అవ్వకు ఫోన్ చేసినప్పుడు ఆమెకూ ఒకటే చెప్పాను. ‘రేపొస్తా నాయనా అనొద్దమ్మా. ఈరోజు ఏం కోసినావో చెప్పు. వాడేం తిన్నాడో అడుగు.’

‘అవ్వ’ అంటే ఎవరు?

తర్వాత ఎమ్మిగనూరు వచ్చాక ఇంకో పాఠం నేర్చుకున్నాను. కర్ణాటక సరిహద్దు వైపు నుంచి వచ్చిన పాప ఒకతి ‘అవ్వ బేకు, అవ్వ బేకు’ అని వెక్కివెక్కి ఏడ్చేది. ‘అవ్వను పిలిపిస్తాంలే’ అని వాళ్ల నాయనమ్మకు కబురుపెట్టాం. నాయనమ్మను చూడగానే ఏడుపు రెట్టింపయింది! తీరా ఆరా తీస్తే, ఆ వైపు కన్నడంలో అవ్వ అంటే అమ్మ. పాప అడుగుతున్నది అమ్మని. మేం తెప్పించింది అమ్మమ్మల అవ్వని.

మా దగ్గర ఒకే గదిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. అన్ని భాషలూ నేర్చుకోవడం ఎవరివల్లా కాదు. కానీ నీళ్లు, ఆకలి, ఒంటికి, నొప్పి, అమ్మ... ఈ అయిదు మాటలు ప్రతి పిల్ల ఇంట్లో ఏమంటారో తల్లినడిగి రాసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నేను గోడకు ఒక కాగితం అంటించాను. కొత్తగా వచ్చిన ఆయా కూడా చూసుకునేది. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కోసం పని మొదలుపెట్టిన తారాబాయి మోదక్, పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. అంగన్‌వాడీ అన్న పేరులో ఉన్నదీ ఆ వాకిలే. వాకిలి వాళ్లదైనప్పుడు మాట కూడా వాళ్లదే కావాలి కదా. 2020 జాతీయ విద్యా విధానం కూడా చిన్న తరగతుల్లో ఇంటి భాషకే పెద్దపీట వేసింది.

వినడం ఎలాగో మాత్రం నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మాది. నేత ఇళ్లలో ముసలివాళ్లు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటారు. ఒకామె దగ్గరికి మనవరాలు ఏదో చెప్పాలని వస్తే, ఆమె రాట్నం ఆపేసేది. పిల్ల మాట నాన్చుతుంటే తొందరపెట్టేది కాదు. ‘ఊఁ’ అని ఆగేది. పని ఆగితే కూలి తగ్గుతుందని ఆమెకు తెలియదా? నేనేమో పిల్లలు మాట్లాడుతుంటే రిజిస్టరు రాసేదాన్ని. ఇప్పటి టీచర్లకు రిజిస్టర్లు చాలవన్నట్టు 2021 నుంచి పోషణ్ ట్రాకర్ కూడా వచ్చింది. తల ఫోన్లో పెట్టి ‘చెప్పు చెప్పు’ అంటే పిల్లలు చెప్పరు. పని ఎక్కువే, నాకు తెలుసు. ఆ ఒక్క నిమిషం ఫోన్ బోర్లించి పెట్టండి.

దొంగచాటుగా జారుకోవద్దు

ఇదంతా సుగ్గికి పోయేవాళ్ల గొడవ, మాకెందుకు అనుకోకండి. ప్లే స్కూలు గుమ్మం దగ్గర బాబుకు బొమ్మ చూపించి, వాడు అటు తిరగ్గానే వెనకనుంచి జారుకునే తల్లుల్ని ఎంతమందిని చూశానో. వాడు తిరిగి చూసేసరికి అమ్మ మాయం. మర్నాటి నుంచి అమ్మ స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర కాపలానే. దానికంటే ‘నేను పనికి పోతున్నా. నువ్వు అన్నం తిని, పండుకుని లేచాక వస్తా’ అని చెప్పి, చెయ్యి ఊపి వెళ్లండి. రోజూ అదే మాట. అన్నం, నిద్ర పిల్లలకు తెలుస్తాయి, మూడు గంటలు తెలియదు. అయితే పండుకుని లేచాక మీరు అక్కడ ఉండాలి. ఆటో దొరకక ఆలస్యమైతే ఫోన్ చేసి ఆ సంగతి పాపకు చెప్పమనండి.

‘ఎందుకేడుస్తున్నావ్?’ అని గద్దించకండి. వాళ్లకు తెలిస్తే ఏడవరు, చెబుతారు. ‘చెప్పు పోయిందనా? అన్న కొట్టినాడనా?’ అని మీరే ఒక మాట అందిస్తే తలూపుతారు. ‘పరిగెత్తొద్దు’ అంటే ఇంకా పరిగెడతారు, ‘మెల్లగా నడువు’ అంటే కొంత నయం. ఎప్పుడూ పనిచేస్తుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ఆ బాబు వాళ్లమ్మ ఉగాదికి రాలేదు. కోతలు మిగిలాయట, ఎనిమిది రోజులు ఆలస్యమైంది. ఆ ఎనిమిది రోజులూ వాడికి ఏం చెప్పాలో తెలియక, ‘పండగ అయిపోయింది, అమ్మకు పని అవలేదు, నాకూ కోపంగానే ఉంది’ అన్నాను. గింజలు వేస్తూనే ఉన్నాడు.

తీరా ఆమె వచ్చి గుమ్మంలో నిలబడితే, వాడు నా వెనక దాక్కున్నాడు. ఆమె అక్కడే కూలబడి ‘నన్ను మరిచినాడు టీచరమ్మా’ అని ఏడ్చింది. ‘మరిచిపోలేదమ్మా, కోపం. పిలవొద్దు, ఊరికే కూర్చో’ అన్నాను. కూర్చుంది. మిరప ఘాటుకు ఆమె చేతివేళ్లు ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. వాడు చాలాసేపు ఆ చేతుల్నే చూశాడు.

ఆ తర్వాత లేచి వెళ్లి, కిటికీలో ఉన్న సీసా తెచ్చి, గింజలన్నీ ఆమె ఒళ్లో గుమ్మరించాడు.