బిడ్డతో ఊరు మారితే

విడిపోయిన దంపతుల్లో బిడ్డ ఎవరి దగ్గర పెరుగుతుంటే వాళ్లు ఉద్యోగం కోసమో, పుట్టింటి ఆసరా కోసమో, మళ్లీ పెళ్లి చేసుకునో వేరే రాష్ట్రానికి వెళ్లాల్సి వస్తే, బిడ్డను వెంట తీసుకెళ్లవచ్చా? దీనికి జవాబుగా మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమంటూ లేదు. అమెరికాలో కుటుంబ చట్టాలు రాష్ట్రానికొకటి కాబట్టి అక్కడ సరిహద్దు దాటడమే పెద్ద సంగతి. ఇక్కడ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం అన్ని రాష్ట్రాలకూ, అన్ని మతాలకూ వర్తిస్తుంది. దాని లెక్క రాష్ట్రాలతో కాదు, కోర్టు పరిధితో. మెదక్ పట్టణం నుంచి చూస్తే ఈ తేడా చక్కగా తెలుస్తుంది. కర్ణాటకలోని బీదర్ ఇక్కడికి ఆదిలాబాద్ కంటే దగ్గర. అయితే బిడ్డను బీదర్ తీసుకెళ్లినా ఆదిలాబాద్ తీసుకెళ్లినా మెదక్ జిల్లా కోర్టు పరిధి దాటినట్టే.

కస్టడీ కేసు ఎక్కడ వేయాలన్నది ఆ చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడి జిల్లా కోర్టులో, ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట ఆ కోర్టులో వేయాలి. తల్లి ఎక్కడుంది, తండ్రి సొంతూరేది అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు. మెదక్ బడిలో చదువుతున్న పిల్లను ఒకరు చెప్పాపెట్టకుండా బెంగళూరు తీసుకుపోయి, వారం తిరగకముందే అక్కడ కేసు వేస్తే, బెంగళూరు ఆ పిల్ల మామూలు నివాసం అయిపోదు. అదే పిల్ల అక్కడి బడిలో చేరి రెండేళ్లు చదివాక కేసు వేస్తే సంగతి వేరు. అందుకే ఇలాంటి కేసుల్లో బడి ఇచ్చే బోనఫైడ్, ఆధార్ కార్డు, చిన్నపిల్లలైతే టీకాల కార్డు దాకా వాదనలోకి వస్తాయి. బోనఫైడ్‌లో ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా అన్నది ఒక్క వాక్యంలో ఉంటుంది. పెద్ద పెద్ద అఫిడవిట్ల కన్నా ఆ ఒక్క వాక్యానికే బరువెక్కువ.

ఈ సూత్రం ఎంత దూరం పోతుందో ఒక తెలుగు కుటుంబం కేసు చూపించింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన దంపతుల్లో భార్య 2017లో ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ వచ్చి, కొద్ది రోజులకే ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కేసు వేసింది. పిల్లలు అక్కడ పుట్టి పెరిగినవాళ్లు. వాళ్ల మామూలు నివాసం హైదరాబాద్ కాదని హైకోర్టు అంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మాటను నిలబెట్టి, పిల్లలు తిరిగి అమెరికా వెళ్లాలని చెప్పింది. దేశాలు దాటిన కేసే అయినా, జిల్లాలు దాటిన కేసుల్లోనూ కొలబద్ద ఇదే.

కోర్టుకు ఎవరూ వెళ్లకముందు తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో ఊరు మారడాన్ని చట్టం నిషేధించలేదు. గొడవంతా ఉత్తర్వు వచ్చాకే. కోర్టు నియమించిన సంరక్షకులు ఆ కోర్టు అనుమతి లేకుండా బిడ్డను దాని పరిధి దాటించకూడదని 26వ సెక్షన్ అంటుంది. ఆ అనుమతి ఒక్క ప్రయాణానికి ఇవ్వవచ్చు, మొత్తంగానూ ఇవ్వవచ్చు. కోర్టు అధికారాన్ని తప్పించుకోవడానికి దాటిస్తే 44వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల లోపు జరిమానా, లేదా ఆరు నెలల దాకా సివిల్ జైలు. 1890లో వెయ్యి రూపాయలంటే ఆస్తి. ఈ రోజు బెంగళూరుకు ఇద్దరి బస్సు చార్జీలకు కూడా చాలకపోవచ్చు. కాబట్టి అసలు కట్టడి జరిమానాలో లేదు. మాట తప్పినవారిని నమ్మి బిడ్డను అప్పగించడానికి జడ్జి వెనకాడడంలో ఉంది.

అనుమతి అడిగినప్పుడు జడ్జి చూసేది బిడ్డ క్షేమం. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలోని 13వ సెక్షన్ దాన్నే అన్నిటికన్నా పైన పెట్టింది. అయిదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 6వ సెక్షన్ అంటుంది. వెళ్లే చోట ఉద్యోగం ఖాయమేనా, బిడ్డను చూసుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు, బడి సంగతేమిటి, అవతలివారికి బిడ్డను దూరం చేయడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నారా అన్నవి ఇక్కడే తేలుతాయి. బిడ్డకు తెలివి వచ్చిన వయసైతే జడ్జి తన చాంబర్‌లోకి పిలిచి విడిగా మాట్లాడతారు.

2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు మంచి ఉదాహరణ. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్న తల్లికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. బాబును తీసుకెళ్తానంది. విడాకుల నాటి ఒప్పందాన్ని ఇప్పుడు మార్చడానికి వీల్లేదన్నాడు తండ్రి. కస్టడీ ఉత్తర్వు ఎప్పటికీ చివరి మాట కాదని, బిడ్డ అవసరాలు మారితే అదీ మారుతుందని కోర్టు తేల్చింది. తల్లి తన బతుకుదెరువునూ బిడ్డనూ తూచి ఒకటి వదులుకోవాలనడం సరికాదన్న ధోరణి ఆ తీర్పులో కనిపిస్తుంది. బాబును ఏటా సెలవుల్లో ఇండియా తీసుకొచ్చి తండ్రి దగ్గర ఉంచే ఏర్పాటు చేశారు.

మార్పు భారమంతా పడేది ఈ కలుసుకునే ఏర్పాటు మీదే. ఇద్దరూ మెదక్‌లోనే ఉన్నంతకాలం నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా అని రాసుకుంటే సరిపోతుంది. తల్లి బెంగళూరు వెళ్తే ఆ ఆదివారాలు కాగితం మీదే మిగులుతాయి. వాటి బదులు దసరా సెలవులు, సంక్రాంతి, సగం వేసవి, మధ్యలో వీడియో కాల్స్ అని పెడతారు. బిడ్డకు ఎదుటివారితో వీడియో కాల్‌లోనైనా మాట్లాడే వీలుండాలని సుప్రీంకోర్టు 2020లో మరో కేసులో గట్టిగానే చెప్పింది. ఈ పని తొందరలో చేస్తే చిక్కులొస్తాయి. తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. కర్ణాటకలో మే చివర్లోనో జూన్ మొదట్లోనో తెరుస్తారు. ‘జూన్ పదో తేదీ దాకా తండ్రి దగ్గర’ అని మెదక్ లెక్కలో రాసుకుంటే, బెంగళూరు బడిలో పిల్లకు పది రోజుల పాఠాలు పోతాయి. బిడ్డను తెచ్చి దింపేదెవరు, చార్జీలు ఎవరివి, పండక్కి నానమ్మ తాతయ్యల దగ్గర ఎన్నాళ్లు అన్నవి కూడా ముందే రాసుకోకపోతే ప్రతి సెలవుకూ ఒక వాయిదా తప్పదు. ఇలా ఊరు మారే తల్లిదండ్రుల విషయంలో పద్ధతులుండాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సూచించింది. పార్లమెంటు దాన్ని చట్టంగా చేయలేదు.

రాష్ట్ర సరిహద్దుకు నిజంగా విలువొచ్చేది ఒక్క చోట, కేసును బదిలీ చేయించుకోవాలన్నప్పుడు. మెదక్ 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. అంతకుముందు జిల్లా పేరు మెదక్, కేంద్రం సంగారెడ్డి. 2022 జూన్‌లో కొత్త జిల్లాల ప్రకారం కోర్టులనూ విడదీయడంతో ఇక్కడ సొంత ప్రధాన జిల్లా కోర్టు ఏర్పడింది. ఇక్కడి కేసును సంగారెడ్డికో హైదరాబాద్‌కో మార్చాలంటే తెలంగాణ హైకోర్టును అడిగితే చాలు. బెంగళూరుకు మార్చాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 25వ సెక్షన్ కింద ఢిల్లీలో సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సిందే. ఒక భార్య జబల్పూర్‌లోని కేసును హైదరాబాద్‌కు మార్చమని అలాగే వెళ్లింది. బదిలీలకు బదులు వీడియో కాన్ఫరెన్స్ వాడుకోవచ్చని 2017లో ఇద్దరు జడ్జిలు అన్నారు. అదే ఏడాది అక్టోబరులో ముగ్గురు జడ్జిల ధర్మాసనం దాన్ని సవరించింది. రాజీ ప్రయత్నం విఫలమయ్యాక, ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో అని మెజారిటీ చెప్పింది. ఇంత దూరం తిరగాల్సి వచ్చే ఆడవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. దరఖాస్తు జిల్లా కోర్టు ఆవరణలోనే ఇవ్వవచ్చు.