పాలకొల్లు మాండలిన్

సంగారెడ్డిలోగాని, పటాన్‌చెరులోగాని పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండు మేళాన్ని మీరు చూసే ఉంటారు. కొన్ని మేళాలలో నల్లని పొడుగాటి గొట్టం ఊదే మనిషి ఉంటాడు. ఆ వాద్యం క్లారినెట్. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో ఉప్పలపు సత్యనారాయణగారు అటువంటి క్లారినెట్ విద్వాంసుడే. 1969 ఫిబ్రవరి 28న ఆయనకు శ్రీనివాస్ అనే కొడుకు పుట్టాడు.

వాళ్ళ ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉండేది. శ్రీనివాస్ ఆరేళ్ళవాడై ఉండగా దాన్ని తీసి వాయించసాగాడు. తండ్రి అది చూసి, పిల్లవాణ్ణి రుద్రరాజు సుబ్బరాజుగారివద్ద సంగీతానికి పెట్టాడు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గొప్ప గాత్రజ్ఞుడు. అయితే ఆయనకు మాండలిన్ వాయించటం రాదు! అందుచేత ఆయన పాడేవారు, కుర్రవాడు విని దాన్ని మాండలిన్ మీద పలికించేవాడు. వేలు ఏ మెట్టుమీద పెట్టాలో చెప్పేవారు ఎవరూ లేరు. ఆ సంగతంతా అతనే కనిపెట్టుకోవలసి వచ్చింది.

ఇందులో పెద్ద చిక్కొకటి ఉన్నది. మాండలిన్ ఇటలీనుంచి వచ్చిన వాద్యం. దానికి ఎనిమిది తీగెలు. రెండేసి తీగెలు ఒకే స్వరానికి శ్రుతిచేసి, జంటగా మీటుతారు. మీటగానే స్వరం ఖంగున పుడుతుంది, అంతలోనే చచ్చిపోతుంది. దాన్ని నిలపటానికి ఇటలీవాళ్ళు అదే తీగెను గబగబా మీటుతూ పోతారు. వినటానికి అది రేకుల కప్పుమీద వాన పడినట్టుంటుంది. వాళ్ళ పాటలకు అది బాగానే ఉంటుంది. కాని మన సంగీతానికి గమకం ప్రాణం. స్వరం ఒకచోట పుట్టి, ఊగి, జారి, పక్క స్వరాన్ని తాకి రావాలి. పుట్టగానే చచ్చిపోయే స్వరం ఎక్కడ ఊగుతుంది? పైగా జంట తీగెలను రెంటినీ సరిగ్గా ఒకే మేరకు కదిలించటం మహా కష్టం.

శ్రీనివాస్ జంటలు తీసేశాడు. విడివిడిగా అయిదే తీగెలు ఉంచాడు. బోలు బుర్ర ఉన్న మాండలిన్‌కు బదులు, గట్టి చెక్కతో చేసిన విద్యుత్ మాండలిన్ పట్టాడు.

దీనివల్ల ఏమవుతుందో మీరే పరీక్షించవచ్చు. సన్నని ఇనుప తీగెను ఒక ఖాళీ పెట్టెమీద బిగించి మీటండి. తరవాత అదే తీగెను దళసరి దుంగమీద బిగించి మీటండి. పెట్టెమీద చప్పుడు పెద్దది, కాని త్వరగా ఆగుతుంది. ఎందుచేతనంటే, తీగెలోని శక్తిని పెట్టె తీసుకుని గాలిలోకి పంపేస్తుంది. దుంగ అంతగా కదలదు గనక శక్తి తీగెలోనే ఉండి, చప్పుడు సన్నగా ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ సన్నని చప్పుడును పెద్దది చెయ్యటానికి తీగెలకింద అయస్కాంతం, దానిచుట్టూ సన్నని రాగి తీగెచుట్ట ఉంటాయి. ఉక్కు తీగె కదిలితే చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. కరెంటు పోయినప్పుడు పటాన్‌చెరు కార్ఖానాలలో మోగే జనరేటర్లు పనిచేసేది కూడా ఈ సూత్రంమీదనే. ఆ విద్యుత్తును పెంచి స్పీకరుకు పంపితే గమకం చివరిదాకా వినిపిస్తుంది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో శ్రీనివాస్ కచేరీ చేశాడు. అప్పుడు అతనికి తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసులో వాయించాడు. కరెంటు వాద్యంతో కర్ణాటక సంగీతం ఏమిటని పెదవి విరిచినవారు లేకపోలేదు. వయొలిన్ కూడా ఒకప్పుడు పరదేశంనుంచి వచ్చినదేనన్న సంగతి వారికి అప్పుడు గుర్తు రాలేదు కాబోలు. విన్నాక చాలామంది మనసు మార్చుకున్నారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కూడా ఈ పద్నాలుగేళ్ళ కుర్రవాడు వాయించాడు. అక్కడివారికి రాగమంటే తెలియదు, అయినా మెచ్చారు.

ఇది ఇలా ఉండగా, భూమికి అవతలి వైపున మరొకతను ఇదే చిక్కుతో కుస్తీ పడుతున్నాడు. అతను కెనడా దేశస్థుడు, టొరంటోవాడు. పేరు మైకేల్ బ్రూక్. గిటారు స్వరం కూడా మీటగానే తగ్గిపోతుంది గదా! బ్రూక్ ఒక ఉపాయం పన్నాడు. తీగె కదలికనుంచి పుట్టిన విద్యుత్తునే పెంచి, మళ్ళీ తీగెమీదికి పంపాడు. ఉయ్యాల ఆగకుండా ప్రతి ఊపుకూ చిన్న తోపు తోస్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది. దానికి ‘అనంత గిటారు’ అని పేరు పెట్టాడు. అటువంటివి తన మిత్రులకు కూడా చేసి ఇచ్చాడు. వారిలో ఒకరు కెనడాకే చెందిన డేనియల్ లన్వా. మరొకరు ఐర్లండు బృందం యూటూలో గిటారు వాయించే ఎడ్జ్. ఆ బృందం 1987లో విడుదల చేసిన ఒక పాటలో ఈ గిటారు వినిపించి, లోకమంతా మోగింది.

చివరకు ఈ ఇద్దరూ కలుసుకున్నారు. 1995లో ఇంగ్లండులోని రియల్ వరల్డ్ సంస్థ వాళ్ళిద్దరి రికార్డు ‘డ్రీమ్’ను విడుదల చేసింది. ఒకరు చెక్కా తీగెలూ మార్చి, మరొకరు విద్యుత్తును వెనక్కు తిప్పి, ఒకే చిక్కును విప్పుకున్నారు. ఇద్దరిలో శ్రీనివాస్ పనే కష్టమనిపిస్తుంది. స్వరం నిలిచాక దాన్ని ఊపవలసింది వేలే మరి.

ఆ తరవాత ఆయన జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశదేశాలు తిరిగాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో చనిపోయాడు. అప్పటికి వయసు 45 ఏళ్ళే. తమ్ముడు రాజేష్ చిన్నప్పుడే అన్నగారి పక్కన కూచుని జంటగా వాయించటం మొదలుపెట్టాడు. మాండలిన్‌తో కచేరీ ఏమిటని ఇప్పుడు అతన్ని అడిగేవారు లేరు.