ప్రాక్సీ కాష్: ఉంచుట, తొలగించుట

డిస్కులు, టేపులు వాడిన దినములలో రేడియో కేంద్రమునందు రికార్డుల భాండాగారము వేరు, ప్రసారపు గదిలోని బల్ల వేరు. ఆనాటి కార్యక్రమమునకు వలసినవి మాత్రమే బల్లపై నుండెడివి. బల్ల చిన్నది. దానిపై ఏది యుంచవలెను, ఏది తీయవలెను అనునదే మాకు నిత్యసమస్య. ఇంటర్నెట్టు దారిలో నిలిచి ఇట్టి పనినే చేయు సాధనమునకు ప్రాక్సీ కాష్ అని పేరు.

ఒక కళాశాల యంతటికిని బయటి లోకముతో ఒకే సన్నని తీగ యున్నదనుకొందము. ఒక విద్యార్థి తెప్పించుకొనిన పుటకు ప్రాక్సీ ఒక ప్రతిని దాచుకొనును. మరియొకరు అడిగినప్పుడు, తీగతో పనిలేకయే దానిని అందించును. హార్వెస్ట్ అను పరిశోధన నుండి వెలువడి, 1996లో అమెరికాలో డ్యువేన్ వెస్సెల్స్ చేపట్టిన స్క్విడ్ ఈ కోవలో ప్రసిద్ధమైనది.

పుటయైనను, చిత్రమైనను స్క్విడ్ పరిభాషలో ‘వస్తువే’. బల్ల వంటిది మెమరీ. అది చురుకైనది, కాని విద్యుత్తు పోయినచో అందలి సమస్తము మాయమగును. భాండాగారము వంటిది డిస్కు. అది విశాలము, మందము, నిలుకడ గలది. వేరుగా చెప్పనిచో స్క్విడ్ వస్తువులకై మెమరీలో 256 మెగాబైట్లు కేటాయించుకొనును. అందు అప్పుడే వచ్చుచున్న వస్తువులకు తొలి హక్కు. తరచుగా అడుగబడునవి మిగిలిన తావులో నుండును.

డిస్కులో నిర్ణయించిన తావు నూటికి 90 పాళ్లు దాటగానే తొలగింపు మొదలగును. 95 సమీపించినకొలది అది ముమ్మరమగును. చిరకాలముగా ఎవరును అడుగని వస్తువు ముందుగా పోవుట సామాన్య నియమము. వేరు నియమములును గలవు. జనాదరణగల చిన్న వస్తువులను నిలిపినచో ఎక్కువ కోరికలు అక్కడికక్కడే తీరును. పరిమాణము చూడక జనాదరణగల వానినెల్ల నిలిపినచో తీగపై భారము ఎక్కువగా తగ్గును. ఏది మేలో ఆయా స్థలపు అవసరమును బట్టి నిర్ణయించుకొనవలెను.

ఇందొక చిక్కు కలదు. ఏ వస్తువు డిస్కుపై ఎచట నున్నదో తెలుపు సూచిక మెమరీలోనే యుండును. నేటి యంత్రములలో ఒక్కొక్క గిగాబైటు డిస్కునకు సుమారు 14 మెగాబైట్ల మెమరీ సూచికకే పోవును. 100 గిగాబైట్ల డిస్కు పెట్టినచో 1,400 మెగాబైట్లు! ఈ లెక్క తెలియక డిస్కును మాత్రమే పెంచినచో, మెమరీ చాలక కంప్యూటరు తన పనిని మాటిమాటికి డిస్కునకు దింపుకొని, లేపుకొని అలసిపోవును. వేగమునకై పెట్టిన సాధనమే ఆలస్యమునకు మూలమగును.

దాచిన ప్రతి పాతబడినదను అనుమానము కలిగినప్పుడు, “ఇది మారినదా?” యని ప్రాక్సీ మూలస్థానమును అడుగును. మారలేదన్నచో చిన్న ప్రత్యుత్తరముతోనే పని ముగియును. నేడు పెక్కు పుటలు సంకేతలిపిలో ప్రయాణించుచుండుటచే, నడుమనున్న ప్రాక్సీ వానిని సాధారణముగా దాచలేదు. అయినను సర్వరుల ముంగిట నిలిచి వాని భారమును తగ్గించుట మొదలగు పనులు దానికి మిగిలియున్నవి.

కనుక ప్రాక్సీ నెలకొల్పువారు డిస్కు ఎంత కొనవలెనని యోచించుటకు ముందు మెమరీ ఎంత యున్నదో చూచుకొనవలెను. బల్లపై పట్టునంత మేరకే భాండాగారము అక్కరకు వచ్చును.