బడికీ ఇంటికీ నడుమ

ఏ పెళ్ళికో పేరంటానికో వెళ్ళినప్పుడు గమనించండి. కుశలప్రశ్నలు కాగానే సంభాషణ పిల్లల చదువు మీదికి మళ్ళుతుంది. "మీ వాడు ఏం చదువుతున్నాడండీ?" అంటారు. "ఆరో తరగతి" అంటాం. "ఎలా చదువుతున్నాడు?" అంటారు. "ఫరవాలేదండీ, మొన్న ఎనభై రెండు శాతం వచ్చింది" అంటాం. అడిగినవారికీ తృప్తే, చెప్పినవారికీ తృప్తే. "బాగుంది, అయితే ఈ నెల లెక్కల్లో వాడు కొత్తగా ఏం నేర్చుకున్నాడు?" అని ఎవరైనా ఇంకో ప్రశ్న వేశారా, మనలో చాలామందిమి తెల్లమొహం వేయవలసిందే.

పాలవాడు ఎన్ని నీళ్ళు కలుపుతున్నాడో మనకు తెలుసు. పక్కింటివారు కొత్త ఫ్రిజ్ ఎంతకు కొన్నారో తెలుసు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు బడి నడవాలి. అన్ని రోజులు మన పిల్లలు గడిపే ఆ గదిలో ఏం జరుగుతోందో మాత్రం మనకు తెలియదు. సాయంత్రం ఇంటికి రాగానే "ఇవాళ బళ్ళో ఏం చెప్పారురా?" అని అడుగుతాం. "ఏం లేదు" అంటాడు వాడు. ఆ జవాబుతో విచారణ ముగుస్తుంది.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. బడి చదువులో జరిగిన మంచీ చెడూ చివరికి మా గుమ్మంలోకే వస్తాయి కనుక, ఈ విషయం గురించి నాలుగు మాటలు చెప్పే అవకాశం నాకు ఉందనుకుంటాను.

కొన్నేళ్ళ కిందట మొదటి సంవత్సరం తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. నెమ్మదైన పిల్ల. పాఠంలోని పేరా ఒకటి పైకి చదవమంటే లేచి నిలబడేది కాని నోరు మెదిపేది కాదు. బిడియం కాబోలు అనుకున్నాను. తరువాత విడిగా కూర్చోబెట్టి చూస్తే తెలిసింది, ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చేసరికి ఆ పిల్లకు అడుగు ముందుకు పడటం లేదు. తండ్రికి కబురు చేశాను. దర్జీ పని చేసుకునే ఆయన ఒక ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వచ్చాడు. అందులో ఒకటో తరగతి నుంచి ఆ పిల్ల ప్రోగ్రెస్ కార్డులన్నీ వరుసగా ఉన్నాయి. ప్రతి కార్డు మీదా ఆయన సంతకం ఉంది.

"అన్నిటి మీదా సంతకం పెట్టానండీ. ఒక్కసారి కూడా పిల్లకు చదవడం రాదని ఎవరూ చెప్పలేదండీ" అన్నాడాయన.

కార్డులు తిరగేశాను. నిజమే. మార్కులున్నాయి, గ్రేడులున్నాయి, హాజరు రోజులున్నాయి, ఎత్తూ బరువూ కూడా ఉన్నాయి. "గుడ్" అని ఉంది, "కెన్ డూ బెటర్" అని ఉంది. ఆ పిల్లకు ఏది వచ్చో, ఏది రాదో మాత్రం పన్నెండేళ్ళ కార్డుల్లో ఎక్కడా లేదు. ఆ తండ్రి పిల్ల చదువు పట్టించుకోలేదని ఎవరనగలరు? ఆ సంచీయే సాక్ష్యం కదా. ఆయనకు అందవలసిన కబురు అందలేదు, అంతే.

పూర్వం ఈ ఇబ్బంది కొంత తక్కువగా ఉండేదేమో. వీధి అరుగు మీద బడి నడిచే రోజుల్లో పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే వీధంతా వినిపించేది. నీళ్ళ బిందెతో పోయే తల్లికి తన కొడుకు గొంతు గుంపులో కలిసిందో లేదో తెలిసేది. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ తన జిల్లా బడుల గురించి చెన్నపట్నం ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. ఇప్పటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. పొద్దున్నే అందరికంటె ముందు బడికి వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేవి. తమ వాడు ఎప్పుడు బడికి చేరాడో ఇంట్లోవారు అరచెయ్యి చూసి తెలుసుకోవచ్చు. ఒక విధంగా అదీ ప్రోగ్రెస్ కార్డే!

అయితే అదే నివేదికలో కాంబెల్ ఇంకో మాట కూడా రాశాడు. పిల్లలు పద్యాలు కంఠతా వల్లిస్తున్నారు కాని, ఆ పద్యాల భాష ఇంట్లో మాట్లాడే భాష కాదు కనుక వారికి అర్థం తెలియడం లేదన్నాడు. అంటే వీధిలో పోయేవారికి గొంతు వినిపించింది కాని, ఆ గొంతు వెనుక అర్థం ఉందో లేదో వినిపించలేదన్న మాట. రెండు వందల ఏళ్ళు గడిచాయి. పద్యం స్థానంలో శాతం వచ్చింది. మనం ఇప్పటికీ గొంతు విని సంతోషిస్తున్నాం.

చట్టం మాటకొస్తే, అది మనకు అన్యాయం చేయలేదు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని 24వ సెక్షను ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి, పిల్లవాడి హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో సాధించిన ప్రగతి వారికి తెలియజేయడం ఆ విధుల్లో ఒకటి. 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ బడులలో, ఎయిడెడ్ బడులలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే కావాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. కనుక "మా వాడి చదువు ఎలా ఉందో చెప్పండి మాష్టారూ" అని అడగడం వారిని దయ చూపమని కోరడం కాదు. అది మన హక్కు.

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానం కూడా ప్రోగ్రెస్ కార్డును పూర్తిగా మార్చాలన్నది. మార్కులే కాక పిల్లవాడి తీరుతెన్నులన్నీ అందులో కనిపించాలని, ఆ కార్డు ఇంటికీ బడికీ లంకెగా ఉండాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నింటిలోనూ ఒకే రోజున తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. 2025 జూలై 10న మళ్ళీ జరిపారు. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడు లాగే పోటీలు పెట్టారు, అందరూ కలిసి భోజనాలు చేశారు. ఎన్నడూ బడి గడప తొక్కని తండ్రి ఆ వంకనైనా వచ్చాడంటే మంచిదే. కాని తాడు లాగి, భోంచేసి, ఇంటికి వచ్చిన తరువాత ఆ తండ్రికి తన కూతురు గురించి కొత్తగా ఒక్క విషయమైనా తెలిసిందా? పండుగ ఫలించిందో లేదో చెప్పేది ఆ ఒక్క విషయమే.

తెలియజేయడం వలన నిజంగా లాభం ఉంటుందా అని కొందరికి అనుమానం రావచ్చు. చదువుకోని తల్లిదండ్రులకు చెప్పి ఏం ప్రయోజనం అనేవారు మన ఉపాధ్యాయులలోనూ లేకపోలేదు. ఈ ప్రశ్నకు ఆఫ్రికాలోని మలావీ దేశంలో జరిగిన ఒక పరిశోధన జవాబు చెబుతుంది. రెబెకా డిజాన్-రాస్ అనే ఆర్థికశాస్త్రజ్ఞురాలు దానిని 2019లో ప్రచురించారు. పిల్లల చదువు గురించి తల్లిదండ్రులు అనుకున్నదానికీ ఉన్నదానికీ చాలా తేడా ఉంది. తక్కువ చదువుకున్న ఇళ్ళలో ఆ తేడా మరీ ఎక్కువ. అసలు సంగతి విడమరిచి చెప్పగానే ఆ తల్లిదండ్రులే తమ పిల్లవాడి స్థాయికి తగిన అభ్యాస పుస్తకం ఎంచుకున్నారు. చదువు లేనివారికి చెప్పి ప్రయోజనం లేదనడం తప్పు. వారికే ముందు చెప్పాలి.

మన దేశంలోనే ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో 280 గ్రామాలలో ఇంకో ప్రయత్నం జరిగింది. దాని ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. కొన్ని ఊళ్ళలో సభలు పెట్టి, బడి కమిటీల గురించీ వాటి అధికారాల గురించీ ప్రజలకు చెప్పారు. కొన్ని ఊళ్ళలో పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో పరీక్షించి చూడటం కూడా నేర్పారు. చదువులో మార్పేమీ రాలేదు. ఇంకొన్ని ఊళ్ళలో వీటితో పాటు, ఊరి యువకులకు పిల్లలచేత చదివించే పద్ధతి నేర్పి సాయంత్రం తరగతులు పెట్టించారు. ఆ తరగతులకు వెళ్ళిన పిల్లలు చదవడంలో ముందుకు వెళ్ళారు. కబురు చెప్పి ఊరుకుంటే చాలదు, "ఇప్పుడేం చేయాలి?" అన్నది కూడా చెప్పాలని ఈ రెండో ప్రయత్నం నేర్పుతుంది.

ఇక మన బడుల నుంచి ఇళ్ళకు వచ్చే కబుర్ల సంగతి చూడండి. సెల్‌ఫోనులో వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో ఫీజు గడువు వస్తుంది, సెలవు వస్తుంది, వార్షికోత్సవానికి తెల్ల బూట్లు తేవాలని వస్తుంది. అల్లరి చేస్తే ఫిర్యాదు వస్తుంది. చాలా బడుల నుంచి ఇవన్నీ ఇంగ్లీషులో వస్తాయి. ఆ ఇంగ్లీషును ఇంట్లో చదివి చెప్పవలసింది ఎవరంటారా, ఆ పిల్లవాడే! తన మీద వచ్చిన ఫిర్యాదును తానే అనువదించి వినిపించే అవకాశం ఏ ముద్దాయికైనా దొరికితే వాడు ఏం చెబుతాడో ఊహించుకోండి.

తెలుగులో వస్తే మాత్రం సుఖమా అంటే, అదీ అనుమానమే. "నిర్మాణాత్మక మూల్యాంకనం", "సంగ్రహణాత్మక మూల్యాంకనం" అని కార్డు మీద అచ్చు వేస్తారు. ఎం.ఏ. తెలుగు చదివిన నేనే ఒక క్షణం ఆగి చూడాలి. కూరగాయలమ్మే తల్లి ఏం కావాలి? "నడుమ నడుమ పెట్టే చిన్న పరీక్ష", "టర్మ్ చివర పెట్టే పెద్ద పరీక్ష" అంటే ఏం పోయింది?

నన్నడిగితే బడి నుంచి ఇంటికి నెలకొకసారి మూడే మూడు వాక్యాలు వస్తే చాలు. మీ అమ్మాయికి ఇది వచ్చింది. ఇది ఇంకా రాలేదు. ఇంట్లో మీరు ఇది చేయండి. ఉదాహరణకు, "రెండంకెల కూడికలు వచ్చాయి. తీసివేతలో పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు. కొట్టుకు పంపినప్పుడు చిల్లర లెక్క అమ్మాయి చేతనే చేయించండి." దీనికి పెద్ద చదువు అక్కరలేదు. చదవలేని తల్లికైతే ఉపాధ్యాయుడు ఫోనులో తన గొంతుతోనే చెప్పి పంపవచ్చు. మూడో వాక్యం ముఖ్యం. అది లేకపోతే మొదటి రెండూ విన్న తండ్రి చేతికి దొరికేది బెత్తమే.

ఉపాధ్యాయుల కష్టం నాకు తెలియనిది కాదు. ఒక్కొక్కరి ముందు ముప్ఫై నలభైమంది పిల్లలుంటారు. దానికి తోడు సర్వేలు, ఫోటోలు, యాప్‌లలో నింపవలసిన అంకెలు. ఇన్ని లెక్కలు పైవారికి పంపే చేతికి పిల్లవాడి ఇంటికి మూడు వాక్యాలు పంపే తీరిక లేకపోవడం ఆయన నేరం కాదు. కొన్ని కాగితాలు తగ్గించి ఆ తీరిక ఇవ్వడం పైవారి బాధ్యత. రోజుకు ఇద్దరి వంతున రాసినా నెల తిరిగేసరికి తరగతి అంతా పూర్తవుతుంది.

ఇంకొక్క మర్యాద కూడా పాటించాలి. సమావేశంలో నలుగురి ముందు మార్కులు పైకి చదవడం కొన్నిచోట్ల ఆనవాయితీ. తక్కువ మార్కుల పిల్లవాడి తల్లి కొంగు సర్దుకుంటూ తల వంచుకుంటుంది. మరుసటిసారి ఆమె రాదు. రావలసిన మనిషి ఆమే. ఒకరి పిల్లల సంగతి ఒకరికే, పక్కకు పిలిచి చెప్పాలి.

మన వైపు నుంచి చేయవలసినవీ ఉన్నాయి. ఇంటి కబురు బడికి చేరాలి. నాయనమ్మ పోయిందనీ, తండ్రి పొరుగూరికి పనికి వెళ్ళాడనీ, పిల్లకు బోర్డు మీది అక్షరాలు మసకగా కనిపిస్తున్నాయనీ మనం చెప్పకపోతే మాష్టారికి ఎవరు చెబుతారు? పరధ్యానమని బెంచీ ఎక్కించిన పిల్లకు కావలసింది కళ్ళజోడు కావచ్చు. బడికి వెళ్ళినప్పుడు "ఎన్ని మార్కులు?" అని కాక "ఏది రాలేదు?" అని అడగండి. పిల్లవాణ్ణి పక్కనే కూర్చోబెట్టుకోండి. వాడి గురించి వాడి వెనుక మాట్లాడితే అది చాడీ, వాడి ముందు మాట్లాడితే సలహా.

బడిలో అడిగి ఊరుకోకుండా ఇంట్లో మీరే చూసుకునే మార్గమూ ఒకటి ఉంది. ప్రథమ్ సంస్థవారు 2005 నుంచి 'అసర్' పేరుతో చేస్తున్న సర్వేలో కార్యకర్తలు పిల్లల ఇంటికే వెళ్ళి, వారి ముందు ఒక కాగితం పెడతారు. అందులో అక్షరాలు, పదాలు, తేలిక వాక్యాలు, రెండో తరగతి స్థాయి చిన్న కథ, అంతే ఉంటాయి. ఏది చదవగలిగితే అది వాడి స్థాయి. ఈ పరీక్షకు మార్కులు లేవు, శాతాలు లేవు. ఇంట్లోవారు పక్కన నిలబడి కళ్ళారా చూడవచ్చు.

ఆ పని మనమూ చేయవచ్చు. ఈ రాత్రి భోజనాలయ్యాక ఈ పత్రికలోని కథ ఒకటి మీ పిల్లవాడి చేతికిచ్చి ఒక పేజీ పైకి చదవమనండి. తప్పు చదివితే కసరకండి, విని ఊరుకోండి. ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకుని, ఆ సంగతే రేపు మాష్టారికి చెప్పండి. ప్రోగ్రెస్ కార్డు ఎప్పుడు వస్తే అప్పుడే రానివ్వండి. అప్పటిదాకా ఈ కబురు ఆగనక్కరలేదు.