పురుగుమందు నీటికి ఎండయే విఱుగుడా?

నీరు తేటగా నున్నచో మంచిదే యని మన గృహిణులు నమ్ముదురు. బురద కనబడినయెడల చిల్లగింజ నరగదీసి కలుపుదురు. నలుసు లున్నచో బట్టతో వడియగట్టుదురు. జబ్బుల భయము కలిగినప్పుడు కాచి చల్లార్తురు. ఈ మూడును మంచి యలవాట్లే. కాని పురుగుమందు కలిసిన నీటి విషయమున నేదియు నమ్మదగినది కాదు. కరగిన మందు బట్టలోనుండి దిగిపోవును, చిల్లగింజకు చిక్కదు, కాచినప్పుడు నీరింకి, ఆవిరికాని మందు మిగిలినదానిలో మఱింత చిక్కబడుటయు కలదు.

పల్నాటి సోదరీమణులకు ఈ మాట ముఖ్యముగా తెలియవలెను. శ్రీనాథుని కాలమునుండి పల్నాడన్నచో జొన్నకూడును, నీటి యెద్దడియు జ్ఞప్తికి వచ్చెడివి. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచిన పిమ్మట మాచర్ల, గురజాల, నరసరావుపేట సీమల రూపు మారినది. ప్రత్తియు మిరపయు విరివిగా పండసాగినవి. రెండును పురుగు మరగిన పైరులు. 1987-88లో తెల్లదోమ ప్రత్తిపై విరుచుకుపడినప్పుడు గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులు మందుపై మందు చల్లియు పంట దక్కక అప్పులపాలైరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు. చల్లిన మందంతయు ఆకుపై నిలువదు. కొంత వానతో వాగులలోనికి, కొంత నేలలోనికి దిగును. పెక్కు గ్రామములలో మంచినీటి చెరువులు నింపునది కాలువనీటితోనే గదా!

ఇట్టి నీటిని వెలుతురుతోనే శుద్ధిచేయవచ్చునని శాస్త్రజ్ఞులు చూపిరి. ఈ కథ జపానులో మొదలైనది. టోక్యో విశ్వవిద్యాలయమున హోండా, ఫుజిషిమా యను గురుశిష్యులు టైటేనియం డయాక్సైడు పలకను, ప్లాటినము పలకను తీగతో కలిపి నీటిలో నుంచి, మొదటిదానిపై వెలుతురు పడనిచ్చిరి. నీరు ప్రాణవాయువుగను, ఉదజనిగను విడిపోయినది. ఈ సంగతిని వారు 1972లో లోకమునకు ప్రకటించిరి. ఆ టైటేనియం డయాక్సైడు ఎక్కడిదో యనుకొనవలదు. మన గోడల తెల్లరంగులలోను, ముఖమునకు పూసికొను పూతలలోను ఉండు తెల్లని పొడి యదియే.

ఆ పొడిపై ఎండలోని కంటికి కానరాని అతినీలకిరణము పడినప్పుడు దానిలోని ఎలక్ట్రాను ఒకటి తన చోటు విడిచి పై మెట్టున కెగురును. ఖాళీయైన చోటు ప్రక్కనున్న నీటినుండి ఒక ఎలక్ట్రానును లాగికొనును. అప్పుడు పుట్టునదే హైడ్రాక్సిల్ యను తునుక. దాని యాయువు రెప్పపాటుకన్న మిక్కిలి తక్కువ. కాని ఆ లోపల తనకు తగిలిన మందు అణువును చీల్చివేయును. ఇట్లు చీలి చీలి, కడకు మందులోని బొగ్గుపాలు బొగ్గుపులుసుగాలిగను, భాస్వరము ఫాస్ఫేటుగను, క్లోరిను సామాన్యమైన క్లోరైడుగను మిగులును. పొడి మాత్రము తఱుగదు. కవ్వము మజ్జిగ చిలికి వెన్న తీయును గాని తాను కరగిపోదు గదా! ఇట్టి పదార్థమునకే ఉత్ప్రేరకమని పేరు.

మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోను ఈ కృషి జరిగినది. వి. దుర్గాకుమారి, ఎం. సుబ్రహ్మణ్యము గార్లును వారి సహచరులును 2008 ప్రాంతమున ఈ పొడిని జియోలైటు మొదలగు సన్నని రంధ్రములుగల పదార్థములకు పట్టించి, ఐసోప్రొట్యూరాను అను కలుపుమందును ఎండలోనే విఱుగగొట్టిరి. పొడిని విడిగా కలిపినచో మరల వడియగట్టుట కష్టము. రంధ్రములలో నిలిపినచో మందును దగ్గరకు చేర్చుకొనుటయు, పొడి కొట్టుకొనిపోకుండుటయు రెండును సమకూరును.

ఇంత సులువైనచో పల్నాటి ప్రతి ముంగిటను ఒక గోలెము పెట్టరాదా యని సోదరీమణు లడుగవచ్చును. పెట్టరాదు. ఎండలో అతినీలకిరణములు నూటికి నాలుగైదు పాళ్లే. నీరు మురికిగా నున్నచో అవియు లోపలికి దిగవు. అంతకన్న పెద్ద చిక్కు మన నేలలోనే యున్నది. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపుబట్టీలు ఎఱుగనివా రెవరు? సున్నపురాతి నేలలోని నీట బైకార్బొనేటు మెండు. మందును చీల్చవలసిన తునుకలను అది ముందుగానే మ్రింగివేయును. మఱియొక ప్రమాదము గలదు. క్లోరిపైరిఫాసు వంటి మందు సగమే విఱిగినచో ఆక్సాను అను, మొదటిదానికన్న ఘోరమైన విషము పుట్టవచ్చును. సీసాలో నీరుపోసి ఎండబెట్టుట సూక్ష్మజీవులను చంపును గాని మందును పోగొట్టునని నమ్మరాదు. ఇంటిలో కొంత పనిచేయునది ఉత్తేజితపు బొగ్గు వడపోత. అదియు గడువు దాటకుండ మార్చినప్పుడే.

ప్రత్తిపై చిరకాలము చల్లిన మోనోక్రోటోఫాసును చూడుడు. 2005లో కూరగాయలపై దానిని నిషేధించిరి. త్రాగునీటిలో లీటరునకు ఒక మైక్రోగ్రాము మించరాదని భారతీయ ప్రమాణము; అనగా పది లక్షల లీటర్లలో ఒక్క గ్రాము. నూటికి 36 పాళ్ల మందు ఒక్క చెంచాడులో దాదాపు రెండు గ్రాముల విషముండును. ఆ యొక్క చెంచాడు కాలువలో పడినచో ఇరువది లక్షల లీటర్ల నీరు ఆ హద్దు నంటును! కావుననే పిచికారీని కాలువలో కడుగనీయరాదు. మందుడబ్బాలో నీరుగాని నూనెగాని పోయరాదు. మందు కొట్టినవారి బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతుకరాదు.

స్పెయిను దేశమున ఆల్మెరియాలో పందిళ్లక్రింద కూరగాయలు విరివిగా పండింతురు. అచ్చట పెద్ద చెరువుల జోలికి పోక, ఖాళీ మందుడబ్బాలు కడిగిన నీటిని మాత్రమే పోగుచేసి, ఎండతోను ఉత్ప్రేరకముతోను శుద్ధిచేయు కర్మాగారమును నెలకొల్పిరి. నీరు కొంచెము, విషము మెండు. ఈ పద్ధతికి తగిన చోటు అదియే. పల్నాటిలోనైనను ఇది వంటయింటి కుండకంటె ముందు రావలసినది, ఊరివెలుపల పిచికారీలు కడుగుచోటికే.